గంగయ్య కేక

సాలమోను పాత పంచె పేలికను చూపుడు వేలికి చుట్టుకుని, సినిమా మెషినులో ఫిల్ము జారే సందులోకి పోనిచ్చి, ఒక చుట్టు తిప్పి బయటికి తీశాడు. పేలికను వెలుతురులో పెట్టి చూసుకోలేదు. బొటనవేలితో రాసి చూసుకున్నాడు. గరుకు తగల్లేదు. సరే అనుకుని పేలిక మడిచి జేబులో పెట్టుకున్నాడు.

రెండేళ్ల కిందటైతే వెలుతురులోనే చూసేవాడు. కుడికన్ను అప్పుడే మసకేసింది. ఎడమకన్ను పోయిన వానాకాలం దాకా నమ్మకంగా పనిచేసి, తర్వాత అదీ మొరాయించింది. ఇప్పుడు రెండు కళ్లలోనూ నల్లగుడ్డు మీద గంజి ఒలికినట్టు తెల్లటి పొర. మనిషి పొట్టి. మెడ కొంచెం ముందుకు వంగి ఉంటుంది. ముప్పైఆరేళ్ల పాటు గోడలో జానెడు కంతలోంచి తెర వైపు తొంగిచూసిన మెడ అది. కుడిచేతి రెండు వేళ్ల కొసలు మెషిను దీపంలో మండే కార్బను కడ్డీల వేడికి కమిలి నున్నగా అయిపోయాయి. వాటికి చల్లనా వేడీ తెలియదు. మిగతా వేళ్లకు మాత్రం అన్నీ తెలుసు. చీకట్లో రీలు ఎక్కించమన్నా ఎక్కిస్తాయి, తెగిన ఫిల్మును గీరి అతికించమన్నా అతికిస్తాయి.

కళ్ల సంగతి ఇంట్లో భార్య దీనమ్మకు తెలుసు. ఇంకెవరికీ తెలియదు. కాకినాడ వెళ్తే ఆపరేషను చేస్తారు గాని, తర్వాత నలభై రోజులు కళ్లకు కట్టుతో మంచం మీద ఉండాలి. నలభై రోజులు మనిషి లేకపోతే హాలు యజమాని తాతారావు ఊరుకోడు. రావులపాలెం నుంచి ఒక ఆపరేటరు ఇప్పటికే రెండుసార్లు వచ్చి ఆయన్ను కలిసి వెళ్లాడు. అమలాపురంలో ఆ హాలు కట్టిన నాటి నుంచీ మెషిను కేబిన్లో ఉన్నవాడు సాలమోను. అంతకు ముందు గోదావరి పాయల మీద రీళ్ల పెట్టెలు పడవలో వేసుకుని, డేరా సినిమాతో ఊరూరా తిరిగినవాడు. కేబిన్లో తన స్టూలు మీద ఇంకొకడు కూర్చుంటే తను మెట్లు దిగి ఎక్కడికి పోవాలో అతనికి తోచదు. ఆ కేబిన్ అంటే అతనికి ప్రాణం. ఉక్కపోతా, నూనెవాసనా, నల్లబడ్డ గోడలూ అన్నీ ఇష్టమే.

మరి చూపు లేకుండా ఇన్నాళ్లు ఎలా నెట్టుకొచ్చాడంటే, అందులో అతని నేర్పు సగం, ఊరి జనం నోరు సగం. చూపున్న రోజుల్లోనే హాలు మెషిను లెన్సుకు ఎర్రదారం కట్టి ముడి వేసి పెట్టుకున్నాడు. ఆ ముడి పైనున్న మరమేకుకు సూటిగా వస్తే తెర మీద బొమ్మ తేటగా ఉన్నట్టు లెక్క. ప్రింటు మారితే వెంట్రుకవాసి తేడా వస్తుంది. అప్పుడు నేల తరగతిలోంచి కేకలు లేస్తాయి. అందులో పెద్ద కేక గంగయ్యది.

గంగయ్య కొబ్బరికాయలు ఒలిచే మనిషి. వారంలో ఆరు రోజులు గునపం ముందు వంగి నిలబడి, ఆదివారం మ్యాట్నీకి ముందు వరసలో నడుం వాల్చుతాడు. బొమ్మ కొంచెం చెదిరిందంటే చాలు, "సాలమోనన్నోయ్, మసక" అంటాడు. సాలమోను లెన్సు తిప్పుతాడు. "ఇంకాస్త" అంటాడు గంగయ్య. "ఆఁ, అక్కడ" అనగానే సాలమోను వేలు తీసేస్తాడు. కంతలోంచి వచ్చే ఆ గొంతు తప్ప వాళ్లిద్దరి మధ్యా పెద్ద పరిచయం లేదు. తన నోటి మీద ఒక మనిషి కొలువు నిలబడి ఉందని గంగయ్యకు తెలియదు.

ఇవాళ వచ్చిన చిక్కు వేరు. ఊళ్లో ఫిలిం సొసైటీ వాళ్లు మూడు రోజుల చిత్రోత్సవం పెట్టారు. కాలేజీ లెక్చరరు ప్రభాకరరావు దానికి కార్యదర్శి. అతనిదీ సాలమోను పేటే, చిన్నప్పటి నుంచీ "బాబాయ్ గారూ" అని పిలుస్తాడు. ఉత్సవం ఏ పాటి నాణ్యంగా జరుగుతోందో చూసి మార్కులు వేయడానికి హైదరాబాదు నుంచి లీలావతి గారనే పెద్దావిడ వచ్చారు. సినిమాల ఎంపికకు ఇన్ని, ప్రదర్శనకు ఇన్ని, ప్రేక్షకులకు ఇన్ని అని నూటికి వేస్తారు. అరవై దాటితే సొసైటీకి గుర్తింపు, దాటకపోతే ఈ ముచ్చట ఇంతటితో సరి.

శుక్ర, శనివారాలు గండం లేకుండా గడిచాయి. అవి పెద్ద ప్రింట్లు. హాలు మెషినూ, ఎర్రదారమూ చూసుకున్నాయి. ఈ ఆదివారం ఉదయం మాత్రం మన జిల్లా వాళ్లు సొంత చేతులతో తీసుకున్న చిన్న సినిమాలు మూడు. వాటి ఫిల్ము సన్నం గనక చిన్న మెషిను కావాలని ప్రభాకరరావు ఎక్కడో అడిగి తెచ్చాడు. నిన్న సాయంత్రం దాన్ని రెండు పెట్టెల్లో పెట్టి ముప్పైనాలుగు మెట్లూ సాలమోనే మోశాడు. ఇంకొకరిని ముట్టుకోనివ్వలేదు. అప్పటి నుంచి ఎడమ భుజం లాగుతోంది. పొద్దున్న దీనమ్మ కొబ్బరినూనె వెచ్చచేసి రాసి, "గుడికి రాకపోతే మానె, మెల్లిగా మెట్లెక్కండి" అని చెప్పి ప్రార్థనకు వెళ్లింది.

కొత్త లెన్సును మునివేళ్లతో తడిమి చూశాడు. చల్లగా, నున్నగా ఉంది. ముడి లేదు, గుర్తు లేదు.

తొమ్మిదింటికి మొదటి సినిమా పడింది. రాజోలు నుంచి బాబ్జీ అనే బ్యాంకు గుమాస్తా కొబ్బరిపీచు వడికే ఆడవాళ్ల మీద తీసింది. సాలమోను కంతకు కన్ను ఆనించాడు. తెల్లటి మరక ఒకటి కదులుతోంది, అంతే. చేతికొచ్చిన చోట లెన్సు ఆపి చెవి రిక్కించాడు. హాలంతా కిక్కురుమనలేదు. దగ్గు లేదు, బీడీ అగ్గిపుల్ల గీత లేదు. ఒక నిమిషం చూశాడు, ఐదు నిమిషాలు చూశాడు. ఎవరూ అరవలేదంటే బాగానే ఉందన్నమాట అనుకున్నాడు. ఒక్క తిప్పుకే సరిచేశానని లోలోపల మురిసిపోయాడు కూడా.

ఇరవై నిమిషాల సినిమా అయ్యాక ప్రభాకరరావు మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"బాబాయ్ గారూ, లీలావతి గారు చాలా మెచ్చుకున్నారండి. బొమ్మంతా అలా పల్చటి మంచులో ఉన్నట్టు తీయడం భలేగా ఉందన్నారు. కావాలనే తీసేరా అని బాబ్జీని అడిగితే, ఆయ్, అలాగేనండి అన్నాడు."

ఆ మంచు తన చేతి మసకేనని సాలమోనుకు అర్థమైంది. లెన్సు మీది చెయ్యి లెన్సు మీదే ఉండిపోయింది.

కింద కూర్చున్న ఎనభై మందీ లెక్చరర్లు, వకీళ్లు, బడిపంతుళ్లు. ఇరవై నిమిషాలు మసక చూశారు. ఒక్కరికైనా అరవాలని తోచలేదు. అదేదో కళ అయివుంటుంది, మనం నోరు విప్పితే మనకు తెలియదని తేలిపోతుంది అనుకుని బుద్ధిగా కూర్చున్నారు. తీసిన బాబ్జీకి తెలుసు. కానీ అంత పెద్దావిడ మొహాన కాదనడానికి కోనసీమ నోరు రాదు. ఆరుగురు ఆడవాళ్లు రేయింబవళ్లు పీచు వడికారు, ఒక గుమాస్తా సెలవులన్నీ ధారపోసి దాన్ని తీశాడు. ఒక్క దారప్పోగు కూడా తెర మీద కనపడలేదు. ఆ పాపం తన వేళ్లదేనని సాలమోనుకు ఏడుపొచ్చినంత పనైంది.

ఇంకా రెండు సినిమాలున్నాయి. తాతారావు ఇవాళ గ్లాస్కో పంచె కట్టుకుని లీలావతి గారి పక్క కుర్చీలోనే కూర్చున్నాడు. ఆవిడకు అనుమానం వస్తే ఆయనకూ వస్తుంది. ఆయనకు వస్తే రేపటి నుంచి ఈ కేబిన్లో రావులపాలెం ఆపరేటరు ఉంటాడు.

"మాస్టారూ," అన్నాడు సాలమోను. "బయట టీ బడ్డీ కాడ గంగయ్య ఉంటాడండి. మ్యాట్నీ కోసం ఆదివారం పొద్దున్నే వచ్చి కూచుంటాడు. ఆయన్ని లోపలికి పంపండి. ముందు వరసలో."

ప్రభాకరరావు తెల్లబోయాడు. "గంగయ్యా? ఇది సభ్యులకేనండి. ఆయన అరుపులకి ప్రేక్షకుల మార్కులన్నీ పోతాయి బాబాయ్ గారూ."

"గంగయ్య కూచోకపోతే నేను రీలు ఎక్కించనండి."

ముప్పైఆరేళ్లలో ఎవరికీ ఏ షరతూ పెట్టని మనిషి ఆ మాట అని తల దించుకున్నాడు. ఎందుకని అడిగితే చెప్పేవాడే కాదు. ప్రభాకరరావు అడగలేదు. అతనికి పదకొండు లోపల ఉత్సవం ముగించాలి. గబగబా దిగి వెళ్లి, గంగయ్యను రెక్క పట్టుకుని హాల్లోకి తీసుకొచ్చి, ముందు వరసలో కూర్చోబెట్టి, వేలు చూపించి మరీ చెప్పాడు.

"గంగయ్యా, హైదరాబాదు నించి పెద్దావిడ వచ్చేరు. లోపల నోరు మెదపకూడదు. ఏమైనా సరే."

"ఆయ్, అలాగేనండి," అన్నాడు గంగయ్య.

ఈ మాట పైనున్న సాలమోనుకు తెలియదు.

రెండో సినిమా మొదలైంది. దిండి రేవులో పడవ నడిపే గంగాదేవి అనే ముసలావిడ కథ అది. సాలమోను లెన్సును ఒక చోట ఆపి, కంతకు కన్ను కాక చెవి ఆనించాడు. కేక వస్తుందని ఎదురుచూశాడు. రాలేదు. గంగయ్య అరవకపోతే రెండే కారణాలు ఉండాలి. బొమ్మ తేటగా ఉండాలి, లేదా గంగయ్య అక్కడ లేకపోవాలి. రెండింట్లో ఏదో తెలియక అతనికి ఒళ్లంతా చెమట పట్టింది. భుజం నొప్పి మోచేతిలోకి పాకింది.

కింద గంగయ్య అవస్థ గంగయ్యది. తెర మీద ముసలావిడ మొహం పిండిముద్దలా ఉంది. కళ్లెక్కడో నోరెక్కడో తెలియడం లేదు. వెనక్కి తిరిగి చూశాడు. చదువుకున్న వాళ్లందరూ కన్నార్పకుండా ఆ ముద్దనే చూస్తున్నారు. గంగయ్య రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. పెద్దవాళ్లకు మాటిచ్చాడు, నిలబెట్టుకోవాలని గట్టిగానే అనుకున్నాడు. నాలుగు నిమిషాలు నిలబెట్టుకున్నాడు. ఆ తర్వాత ముసలావిడ ఏదో చెబుతూ ఏడ్చింది. ఏడుస్తున్న మనిషి మొహం కనపడకపోయేసరికి గంగయ్య వల్లకాక లేచి నిలబడ్డాడు.

"సాలమోనన్నోయ్, మసక."

హాలు మొత్తం ఉలిక్కిపడింది. తాతారావు కుర్చీలో ముందుకు జరిగాడు. ప్రభాకరరావు గోడకు చేరగిలబడ్డాడు. పైన సాలమోనుకు ప్రాణం లేచొచ్చింది. వేళ్లు లెన్సును పట్టుకుని తిప్పాయి.

"ఇటు కాదు, అటు," అన్నాడు గంగయ్య. "ఇంకాస్త. ఇంకాస్త. ఆఁ, అక్కడ."

ముసలావిడ మొహం మీద ప్రతి ముడతా విచ్చుకుంది. తెడ్డు పట్టుకున్న వేళ్లూ, గోళ్లలో మట్టీ, కంటి కొసన ఆగిన తడీ కనిపించాయి. ఎనభై మందీ ఒక్కసారి ఊపిరి వదిలిన చప్పుడు కేబిన్ దాకా వినిపించింది. సాలమోను చెయ్యి కదపకుండా, ఎడమచేత్తో జేబులోంచి ఎర్రదారం ఉండ తీశాడు. లెన్సు చుట్టూ తిప్పి, పళ్లతో బిగించి, మరమేకుకు సూటిగా ముడి వేశాడు. అప్పుడు గాని కుడిచెయ్యి తీయలేదు.

రెండో సినిమా అయ్యాక మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. ఒక్క మనిషి, మెల్లిగా ఎక్కుతున్న అడుగులు. నేత చీర గరగరలు విని సాలమోను స్టూలు మీంచి లేచాడు. లీలావతి గారు గుమ్మంలో ఆగి ఆయాసం తీర్చుకుని, అతని మొహంలోకి చూశారు. చాలాసేపు చూశారు.

"ఎన్నాళ్ల నుంచండీ?" అన్నారు.

సాలమోను బొంకుదామనుకున్నాడు. నోట మాట అలా రాలేదు. "ఎడంది పోయిన వానాకాలం నించండి. కుడిది అంతకు ముందేనండి."

"మీ యజమానికి తెలుసా?"

"తెలిస్తే ఇక్కడ ఉండనండి."

ఆవిడ చేతిలోని అట్ట మీద కాగితాన్ని తిరగేసి చూసుకున్నారు. "మొదటి సినిమాకి ఆ మంచు చూసి ఎక్కువ వేశాను. సిగ్గుగా ఉంది. ప్రేక్షకులకి ఎంత వేయాలో మూడు రోజుల నుంచి తెలియక ఖాళీ వదిలేశాను. ఇవాళ ఆ ముందు వరసాయన లేచాక తెలిసింది." ఆగి, మళ్లీ అన్నారు. "మూడోది అయ్యాక మొదటిది మళ్లీ వేయగలరా? పీచు వడికే వాళ్ల మొహాలు చూడాలి."

"ఆయ్, వేస్తానండి. ముడి ఉందండి ఇప్పుడు." లెన్సు మీద వేలు పెట్టి చూపించాడు.

ఆవిడ ఆ ముడిని వంగి చూశారు. "కాకినాడ వెళ్లండి. మీ యజమానికి నేనేమీ చెప్పను," అని దిగి వెళ్లిపోయారు.

మెట్ల మీద అడుగులు దిగిపోయేదాకా సాలమోను విన్నాడు. గండం గడిచింది. కేబిన్ తనదే. ఈసారి నిజంగానే కాకినాడ వెళ్లాలి, దీనమ్మకు ఇంటికి వెళ్లగానే చెప్పాలి అనుకున్నాడు. బాబ్జీ రీలును వెనక్కి చుట్టి స్టూలు పక్కన సిద్ధంగా పెట్టుకుని, మూడోది ఎక్కించాడు.

మూడోది కాట్రేనికోన అవతల ఉప్పుమళ్ల మీద తీసింది. తీసినవాడు దుర్గారావు. దుబాయిలో కెమెరా కొనుక్కుని, సెలవుల్లో వచ్చి తీసి, మళ్లీ దుబాయి వెళ్లిపోయాడు. రీలు నిన్నటి బస్సులో వచ్చింది. ప్రభాకరరావు కూడా చూడలేదు. అందులో మాటల్లేవు, గాలి చప్పుడు ఒకటే.

ముడి మరమేకుకు సూటిగా ఉంది. కింద నుంచి కేక రాలేదు. ఈసారి ఆ నిశ్శబ్దాన్ని సాలమోను నమ్మాడు. స్టూలు మీద కూర్చుని, కంత కింద గోడకు తల ఆనించాడు. గోడ చల్లగా ఉంది. భుజం మీద మళ్లీ పెట్టె ఎత్తినట్టు బరువు. ఆ బరువు ఎడమచెయ్యంతా దిగి, ఛాతీలోకి వచ్చి కూర్చుంది. మెషిను చప్పుడు చెవిలో సమంగా పడుతోంది, ఎక్కడా తొట్రుపాటు లేదు. కాసేపటికి ఆ చప్పుడు వినేవాడు లేకుండా పోయాడు.

సినిమా చివర ఉప్పు రాశి. మిట్టమధ్యాహ్నపు ఎండలో రాశి దగ్గరికి, ఇంకా దగ్గరికి వచ్చి, తెరంతా ఉప్పే అయిపోయింది. తర్వాత ఫిల్ము కొస సందులోంచి జారిపోయింది. దీపం వెలుగుతూనే ఉంది. తెర తెల్లగా ఉండిపోయింది.

ఎవరూ కదల్లేదు. ఉప్పు తెలుపేదో, ఉత్త తెలుపేదో వాళ్లకు తెలియలేదు. ఒక నిమిషం గడిచింది. రెండు గడిచాయి. కాలేజీ తెలుగు మాస్టారు తల పంకించాడు. ఒక వకీలు, "ఎంత ధైర్యమండీ," అని పక్కాయనతో గుసగుసలాడాడు. లీలావతి గారి పెన్సిలు కాగితం మీద ఆగి ఉంది. ఒకసారి మోసపోయిన మనిషి గనక ఆవిడ వెనక్కి తిరిగి కంత వైపు చూశారు. మళ్లీ సందేహించి తెర వైపు చూశారు.

గంగయ్య లేచాడు.

"సాలమోనన్నా, అయిపోయింది."

లైటు ఆరలేదు.

"సాలమోనన్నోయ్."

మూడోసారి పిలవలేదు. తుండు దులుపుకుని భుజాన వేసుకుని, కుర్చీల మధ్య నుంచి నడిచి, ఎన్నడూ ఎక్కని ఆ మెట్లు ఎక్కాడు. కేబిన్ తలుపు తీసేసరికి తిరుగుతున్న చక్రం మీద ఫిల్ము కొస టపటప కొట్టుకుంటోంది. సాలమోను గోడకు తల ఆనించి, పని మధ్యలో కునుకు పట్టినట్టు కూర్చుని ఉన్నాడు. గంగయ్య అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఆ మొహాన్ని అంత దగ్గరగా చూడడం గంగయ్యకు అదే మొదలు. కళ్లు సగం తెరిచి ఉన్నాయి. వాటిలోని తెల్లటి పొర చూశాడు. ఇన్నాళ్లూ తన కేక ఈ మనిషికి ఎందుకు కావాల్సి వచ్చిందో అతనికి అప్పుడు అర్థమైంది.

మెషిను ఎలా ఆపాలో గంగయ్యకు తెలియదు. ఒలుపు పనికి కాయలు కాసిన అరచేతిని లెన్సుకు అడ్డంగా పెట్టాడు. కింద తెల్లటి తెర మీద పెద్ద చేతి నీడ పడింది. అప్పుడు గాని హాల్లో జనం లేచి నిలబడలేదు.

మ్యాట్నీ వేయలేదు. సాయంత్రం దీనమ్మ ఇంటి ముందు పేటంతా చేరారు. గంగయ్య అందరికంటే వెనక, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కళ్ల సంగతి అతనూ చెప్పలేదు, లీలావతి గారూ చెప్పలేదు. తన హాల్లో ఇన్నాళ్లు చూపులేని మనిషి సినిమాలు వేశాడని తాతారావుకు చివరి దాకా తెలియనే లేదు. ఆవిడ మార్కుల కాగితం ప్రభాకరరావు చేతికిచ్చి బస్సెక్కారు. బాబ్జీ సినిమా దగ్గర మొదట వేసిన అంకె కొట్టేసి, "మళ్లీ చూడాలి" అని రాశారు. మొత్తం అరవైమూడు.

సోమవారం ఉదయం అరువు మెషినును పెట్టెల్లో సర్ది, తిరిగి పంపడానికి రిక్షా ఎక్కించారు. దాని లెన్సుకు, మరమేకుకు సూటిగా, ఎర్రదారం ముడి అలాగే ఉంది.